తెయికా ఇంటి కాగితాలు

చాంద్రమానం ప్రకారం 1230వ సంవత్సరం 10వ నెల 13వ తేదీన, క్యోటో నగరంలో 69వ ఏడు నడుస్తున్న ఒక రాజాస్థాన ప్రభువు తన పనివాళ్లను పిలిచి, ముచ్చటపడి పెంచుకున్న తోటలోని మొక్కలన్నిటినీ పెరికించి, ఆ నేలను చాళ్లు తీయించాడు. ఆ ఏడు వేసవిలోనే అకాలపు చలి పుట్టి పైర్లు దెబ్బతిన్నాయి. పూలమొక్కలు ఉన్న చోట ఆయన ‘ముగి’ పెట్టించాడు. జపాన్‌లో గోధుమలకూ యవలకూ కలిపి వాడే మాట అది. ఉన్నది కొద్దిపాటి చోటే అయినా ఆకలి కాలంలో ఆదుకుంటుందని ఈ పని చేశానని, ఎవరూ ఎగతాళి చేయవద్దని, బీద ముసలివాడికి ఇంతకన్నా వేరే దారి ఏముందని దినచర్యలో రాసుకున్నాడు. మరుసటి ఏడు కరువు నిజంగానే విరుచుకుపడింది. వీధుల్లో పడి ఉన్న శవాల కంపు మెల్లగా ఇంటి లోపలికి కూడా వస్తున్నదని అదే దినచర్యలో కనిపిస్తుంది.

ఆ ప్రభువు పేరు ఫుజివారా నో తెయికా. అప్పటికి మూడేళ్ల కిందటనే ఆస్థానంలో రెండవ శ్రేణి గౌరవం పొందినవాడు. జపాన్ కవిత్వ చరిత్రలో ఆయనకు మించిన పేరు అరుదు. అయినా నాకు ఆయన మొదట పరిచయమైనది ఈ ముగి చాళ్ల దగ్గరే. 1876 నాటి ధాతు నామ సంవత్సరపు కరువును ఇప్పటికీ ‘ధాత కరువు’ అని పేరు పెట్టి చెప్పుకొనే కడప సీమలో పుట్టి, మా జేజి నోట ఆ కథలు విని పెరిగినవాణ్ణి కాబట్టి, ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆ ముసలి కవి తన తోట వైపు చూసుకుంటూ పడిన సిగ్గు నాకు ఇట్టే అర్థమైంది. జపనీయ భాష నాకు రాదు, ఆంగ్లానువాదాల్లో చదివినదే. అయినా గడచిన రెండేళ్లుగా ఆయన జీవితాన్ని, ఆయన కుటుంబాన్ని విడవకుండా చదువుతున్నాను. అందుకు నా సొంత కారణం ఒకటి ఉన్నది, దానిని చివర చెబుతాను.

ఫుజివారా వంశం అంటే ఆనాటి జపాన్‌లో చక్రవర్తికి పిల్లనిచ్చిన వంశం. కూతుళ్లను అంతఃపురానికి పంపి, పుట్టిన మనుమలను సింహాసనం మీద కూర్చోబెట్టి, తాతలుగా రాజ్యం నడిపినవారు వాళ్లు. ఆ వైభవం మిచినగా (966–1028) కాలంలో శిఖరానికి చేరింది. తెయికా ఆ మిచినగా నుండి లెక్కిస్తే ఆరవ తరం వాడు. అయితే పెద్ద శాఖ పిల్లలకు మంత్రిపదవులు పుట్టుకతోనే రాసిపెట్టి ఉండగా, తెయికా పుట్టిన మికొహిదరి అనే చిన్న శాఖకు వంశం పేరు తప్ప పెద్దగా మిగిలింది లేదు. ఆయన తండ్రి షున్‌జెయి (1114–1204) పదేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకున్నాడు. పదవులతో పైకి రావడం కష్టమని గ్రహించినందువల్లనో, సహజమైన ప్రేమవల్లనో, కవిత్వాన్నే ఇంటి వృత్తిగా చేసుకొని, చక్రవర్తి ఆజ్ఞ మీద వెలువడే పద్య సంకలనాల్లో ఏడవదానిని కూర్చేటంతటి వాడయ్యాడు.

తెయికా 1162లో పుట్టాడు. ఆ ఇంటి పొందిక మన ఉమ్మడి కుటుంబాల కన్నా చిక్కనైనది. తల్లికి అది రెండవ వివాహం; మొదటి భర్త సన్న్యసించగా ఆమె షున్‌జెయి ఇంటికి వచ్చింది. మొదటి వివాహంలో పుట్టిన తకనొబు రూపచిత్రాలు గీయడంలో పేరు పొందాడు. షున్‌జెయి అంతకుముందే తన తమ్ముని కొడుకును దత్తత చేసుకున్నాడు. సొంత కొడుకులు పుట్టిన తరువాత ఆ దత్తపుత్రుడు పోట్లాడలేదు, పంచాయితీ పెట్టలేదు. పక్కకు తప్పుకొని జకురెన్ అనే పేరుతో భిక్షువయ్యాడు. ఆ తరువాత కూడా ఆ ఇంటితో స్నేహం వదలక, గొప్ప కవిగా నిలిచాడు. దత్తత మాట వస్తేనే దస్తావేజులు బయటికి తీసే ఊళ్లో పుట్టిన నాకు జకురెన్ మీద ప్రత్యేకమైన గౌరవం కలిగింది.

తెయికా దినచర్య పేరు ‘మెయిగెత్సుకి’, నిర్మల చంద్రుని నమోదు అని చెప్పుకోవచ్చు. 1180లో, 19వ ఏట మొదలై 1235 దాకా, 56 ఏళ్ల కాలాన్ని అది కప్పుతుంది. చాలాచోట్ల తనకు వచ్చిన పాత ఉత్తరాల వెనుక వైపునే రాశాడు. కాగితం అంత విలువైనది. మొదటి ఏటనే తైరా, మినమొతో వంశాల యుద్ధం రాజుకున్నది. దేశం రెండుగా చీలుతున్నప్పుడు ఆ యువకుడి దినచర్యలో కనిపించే మాట, ఎర్ర జెండాలు పట్టుకొని శత్రువుల మీదికి పోవడం నా పని కాదు అన్నది. ఆ వాక్యాన్ని ఆయన తరువాత కాలంలో చేర్చి ఉండవచ్చునని పండితుల అభిప్రాయం. ఎప్పుడు రాసినా, మనిషి జీవితాంతం ఆ మాటకు కట్టుబడినట్టే కనిపిస్తాడు.

అంతమాత్రాన ఆయన శాంతమూర్తి అనుకోరాదు. 1185లో అంతఃపురంలో పండుగ జరుగుతుండగా, తనను వెక్కిరించిన తోటి ఉద్యోగి ముఖం మీద దీపపు సెమ్మెతో కొట్టాడు. వెంటనే ఆస్థానం నుండి వెలివేశారు. అప్పుడు 70 దాటిన షున్‌జెయి కొడుకు కోసం పై అధికారికి ఉత్తరం రాస్తూ ఒక పద్యం జతచేశాడు: మబ్బుల దారిలో తప్పిపోయిన కొంగకు ఏడాది గడిచిపోయింది, కొత్త ఏటి వసంతపు మంచు కూడా అడ్డు నిలవవలసిందేనా అని. పద్యం పనిచేసింది, కొడుకును తిరిగి చేర్చుకున్నారు. 1200లో విశ్రాంత చక్రవర్తి గొతొబా నూరేసి పద్యాలు రాయమని కవులను ఎన్నుకున్నప్పుడు, పోటీ కుటుంబం వారి ప్రయత్నంతో తెయికా పేరు జాబితాలో లేకుండా పోయింది. 87వ ఏట ఉన్న తండ్రి మళ్లీ కలం పట్టి, ఈసారి నేరుగా గొతొబాకే విన్నపం పంపాడు. తెయికా పేరు చేరింది, ఆ నూరు పద్యాలు గొతొబాను కట్టిపడేశాయి. సభాప్రవేశపు గౌరవం దక్కిన రోజున తెయికా దినచర్యలో పొంగిపోయాడు. అప్పటికి ఆయన వయసు 39. ఆ వయసులోనూ తండ్రి ఉత్తరం వల్ల పని జరగడం ఆయనకు చిన్నతనంగా తోచలేదు, నాకూ తోచలేదు.

ఆ తండ్రి చనిపోయిన దృశ్యం దినచర్య మొత్తంలో నన్ను అన్నిటికన్నా కదిలించిన చోటు. 1204 చలికాలం. 91వ ఏట, జ్వరంతో కాలిపోతున్న షున్‌జెయి మంచు కావాలని అడిగాడు. ఉత్తరపు కొండల నుండి మనుషులు వెళ్లి మంచు తెచ్చారు. ఆ ముసలాయన దానిని నోట వేసుకొని, ఎంత బాగుంది, మాటల్లో చెప్పలేనంత బాగుంది అని మళ్లీ మళ్లీ మెచ్చుకుంటూ తిన్నాడు. జ్వరంలో అంత మంచు తింటే ఏమవుతుందోనని ఇంట్లోవాళ్లు భయపడి మిగిలినదానిని దాచిపెట్టారు. కవిగా కాక కొడుకుగా తెయికా ఇదంతా ఒక్క అలంకారం లేకుండా రాశాడు. మా జేజినాయన పోయే ముందు రోజు చల్లని కుండనీళ్లు అడిగితే, దగ్గు ఎక్కువవుతుందని గోరువెచ్చని నీళ్లు చెంచాతో పోసిన సంగతి నాకు ఇక్కడ గుర్తుకు వచ్చి, చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

తండ్రి తన కోసం పడిన పాట్లను తెయికా తన కొడుకు కోసం పడ్డాడు. మొదటి భార్యతో పొసగక విడిపోయిన తరువాత ఆయన సైయొంజి ఇంటి పిల్లను చేసుకున్నాడు. ఆమెకు 1198లో పుట్టిన తమెయియే మీదనే ఆశలన్నీ పెట్టుకున్నాడు. పిల్లవాడికి మాత్రం పద్యాల కన్నా ‘కెమరి’ మీద మోజు. కెమరి అంటే జింకతోలు బంతిని నేలకు తగలకుండా కాలితో ఎగరవేసే ఆస్థానపు ఆట. యువ చక్రవర్తి జున్‌తొకుకు కూడా అదే పిచ్చి; తమెయియే ఆ బంతాటలో మేటి కావడంతో ఇద్దరూ ఎప్పుడూ ఆటస్థలంలోనే. కొడుకు పుస్తకం ముట్టడం లేదని, కవుల ఇల్లు ఏమైపోతుందోనని తెయికా దినచర్యలో వాపోయిన తీరు చదివితే, క్రికెట్ బ్యాటు పట్టుకొని బయలుదేరే కొడుకును గడపలో ఆపే తండ్రి ఎవరైనా తలూపుతాడు.

గొతొబాతో స్నేహం మొదట ఎంత ఉజ్జ్వలమో చివర అంత చేదు. 1201లో ఆజ్ఞాపితమైన ఎనిమిదవ సంకలనాన్ని కూర్చిన వారిలో తెయికా ఒకడు. దాదాపు 2000 పద్యాల ఆ గ్రంథంలో ఆయనవి 46 ఉన్నాయి. అయితే పద్యాల ఎంపికలో ప్రభువూ కవీ తరచూ ఢీకొన్నారు. 1213లో గొతొబా మనుషులు వచ్చి తెయికా పెరట్లోని విల్లో చెట్లను తవ్వి తీసుకుపోయారు. 1220లో, తల్లి ఆబ్దికం రోజున, రానని వేడుకున్నా వినకుండా కవిసభకు పిలిపించగా, దారి పక్క విల్లో చెట్టు లోలోపల చిగురిస్తున్నదని, ఆ పొగమంచు తన దుఃఖపు పొగతో పోటీ పడుతున్నదని పద్యం చెప్పాడు. గొతొబాకు పట్టరాని కోపం వచ్చింది. ఇక తన సభల్లో కనిపించవద్దని నిషేధించాడు.

మరుసటి ఏడే, 1221లో, గొతొబా కమకురా యోధుల ప్రభుత్వం మీద తిరుగుబాటు చేసి ఓడి, ఒకి అనే దీవికి ప్రవాసం పోయాడు. 1239లో అక్కడే కన్నుమూశాడు. తెయికా బావమరిది సైయొంజి కిన్‌త్సునే కమకురా పక్షం వహించినవాడు కావడంతో ఆస్థానంలో చక్రం తిప్పాడు, ఆ నీడలో తెయికాకు ఏళ్ల తరబడి అందని శ్రేణులు వరుసగా అందాయి. 1232లో ఉపమంత్రి స్థాయి పదవి కూడా వచ్చింది. ఆ సంవత్సరమే ఆజ్ఞ పొంది 1235లో ముగించిన తొమ్మిదవ సంకలనంలో, ప్రవాసంలో ఉన్న గొతొబా, జున్‌తొకుల పద్యాలు ఒత్తిడి వల్ల తొలగిపోయాయి. తనను వెలుగులోకి తెచ్చిన ప్రభువు పద్యాలే లేని సంకలనాన్ని తన చేతుల మీదుగా అప్పగించడం ఆయనకు ఎంత బరువుగా ఉండి ఉంటుందో ఊహించగలను కానీ, ఆ పనిని నేను మెచ్చుకోలేను. అదే ఏడు, తమెయియే మామగారైన ఒక తూర్పుదేశపు యోధుడు తన కొండవాలు ఇంటి తలుపుల మీద అతికించడానికి పద్యాలు రాసిమ్మని అడిగితే, ప్రాచీనుల నుండి కవికి ఒక పద్యం చొప్పున రాసిచ్చానని దినచర్యలో ఉన్నది. ‘హ్యకునిన్ ఇష్షు’ అనే నూరు పద్యాల మాల పుట్టుక దీనితోనే ముడిపడి ఉన్నది. గొతొబా, జున్‌తొకు ఆ మాలలో చివరి రెండు చోట్ల నిలిచారు. నేటికీ జపాన్ ఇళ్లలో కొత్త సంవత్సరానికి పిల్లలు ఆ పద్యాల చీట్లతో ఆట ఆడుకుంటారు.

ఇక నన్ను ఆయనకు కట్టిపడేసిన విషయానికి వస్తాను. తెయికా జీవితంలో సగం పాత పుస్తకాలకు ప్రతులు ఎత్తడంలో గడిచింది. 1225లో రాసుకున్న మాట ఒకటి ఉన్నది: తన దగ్గర ఉన్న ‘గెంజి’ కథాగ్రంథపు ప్రతి ఎన్నో ఏళ్ల కిందట దొంగల పాలైందని, బద్ధకంతో మళ్లీ రాయించలేదని, ఇప్పుడు ఇంట్లోని ఆడపిల్లల చేత 54 అధ్యాయాలూ రాయించానని. అంటే ఆ నకళ్లు ఇంటి ఆడవాళ్ల వేళ్ల మీదుగా వచ్చినవి. ఆయన పర్యవేక్షణలో తయారైన ప్రతుల నుండి వచ్చిన పాఠమే నేడు గెంజికి ప్రధానమైన పాఠం. 1235లో, 74వ ఏట, కంటిచూపు మందగించిన దశలో, మూడు వందల ఏళ్ల కిందటి కవి కి నో త్సురయుకి స్వయంగా రాసిన ‘తొసా నిక్కి’ అనే ప్రయాణపు దినచర్య మూలప్రతి ఆయన చేతికి వచ్చింది. దానిని రెండు రోజుల్లో ఎత్తిరాశాడు. అంతటితో ఆగక, చివరి భాగాన్ని మాత్రం త్సురయుకి అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగా, వంపుతో సహా అనుకరించి రాశాడు, ఆ మహానుభావుని చేవ్రాత ఎలా ఉండేదో తరువాతి వాళ్లకు తెలియాలని. ఆ మూలప్రతి ఆ తరువాత కాలంలో కనుమరుగైంది. తన రాత భూతంలా ఉంటుందని ఆయన తిట్టుకునేవాడు కానీ, లావుగా, మొండిగా ఉండే ఆ అక్షరాలనే తరువాతి శతాబ్దాల వాళ్లు ‘తెయికా శైలి’ అని అనుకరించారు.

ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని ఇది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. బ్రౌన్ ఈ కడపలోనే, తన బంగళాలో, పండితులనూ వ్రాయసగాళ్లనూ జీతమిచ్చి పెట్టుకొని తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. రాజంపేట దగ్గరి తాళ్లపాక అన్నమయ్య కీర్తనలు మనకు దక్కాయంటే, ఆ కుటుంబం వారు వాటిని రాగిరేకుల మీదికి ఎక్కించి తిరుమలలో భద్రపరచడం వల్లనే.

తెయికా 1241లో, 80వ ఏట చనిపోయాడు. కెమరి ఆడిన తమెయియే అప్పటికి మారిపోయి, తండ్రి తరువాత కవిసభలకు పెద్దదిక్కు అయ్యాడు. అయితే ఆయన వృద్ధాప్యంలో అబుత్సు అనే విదుషితో కలిసి బ్రతికి, ఆమెకు 1263లో తమెసుకే అనే కొడుకు పుట్టడంతో ఇంట్లో నిప్పు రాజుకున్నది. హరిమా సీమలోని హొసొకవా అనే జాగీరును మొదట పెద్దకొడుకు తమెఉజికి ఇచ్చిన తమెయియే, తరువాత మనసు మార్చుకొని చిన్నవాడైన తమెసుకే పేరు మీద వీలునామా రాశాడు. పుస్తకాలూ కాగితాలూ ఆ చిన్నవాడికే ముట్టజెప్పాడు. 1275లో ఆయన పోగానే పెద్దకొడుకు భూమి వదలనన్నాడు. 1279లో అబుత్సు, అప్పటికే భిక్షుణి, క్యోటో నుండి కమకురాకు పక్షం రోజుల ప్రయాణం చేసి దావా వేసింది; ఆ ప్రయాణపు కథే ‘ఇజయొయి నిక్కి’. తీర్పు వినకుండానే 1283లో మరణించింది. తమెసుకే పక్షాన చివరి తీర్పు 1313లో వచ్చింది. వాయిదాల రుచి తెలిసినవాళ్లకు ఆ 30 ఏళ్ల ఖాళీని వివరించనక్కరలేదు.

తమెయియే కొడుకుల నుండి మూడు శాఖలు ఏర్పడ్డాయి: నిజో, క్యోగొకు, రెయిజెయి. మొదటి రెండూ కాలక్రమంలో అంతరించాయి. తమెసుకే సంతానమైన రెయిజెయి వంశం మాత్రం నిలిచింది. క్యోటో రాజభవనానికి ఉత్తరాన ఆ ఇల్లు నేటికీ ఉన్నది. 1788 అగ్నిప్రమాదం తరువాత 1790లో మళ్లీ కట్టినది అది. 1869లో చక్రవర్తి టోక్యోకు తరలినప్పుడు తక్కిన ప్రభువుల కుటుంబాలు చాలావరకు వెంట వెళ్లగా, వీళ్లు కదలలేదు. ఇంటి వెనుక మందమైన మట్టిగోడల కొట్టు ఒకటి, అందులో తెయికా, షున్‌జెయిల చేవ్రాతలు. ఆ కొట్టును దేవుడి గదిగా చూసేవారు. ఇంటి యజమాని, ఆయన వారసుడు తప్ప వేరెవరూ లోపల అడుగు పెట్టేవారు కాదు. 1981లో ఒక ధర్మసంస్థగా ఏర్పరచి ఆ సంపదను పండితులకు తెరిచారు. మెయిగెత్సుకి మూలప్రతి నేడు జాతీయ సంపద. అందులో పాత రికార్డుల నుండి వచ్చిన ‘అతిథి నక్షత్రాల’, అంటే ఆకాశంలో ఉన్నట్టుండి కనిపించిన కొత్త చుక్కల, పట్టికలో 1054 నాటి నక్షత్ర విస్ఫోటం ఉన్నది. ఆ విస్ఫోటంలో మిగిలిన ధూళి, వాయువుల మేఘమైన పీత నెబ్యులా వయసు లెక్కించడానికి ఖగోళ శాస్త్రవేత్తలు దానిని వాడుకున్నారు.

నా కారణం చెబుతానన్నాను. మా జేజినాయన జమ్మలమడుగు వైపు ఒక పల్లెకు కరణం. ఆయన గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్లు ఊళ్లో ముగ్గురే ఉండేవారు. అడంగళ్లూ కందాయపు లెక్కలే కాక, ఏ ఏడు ఎన్ని పదునుల వాన పడిందీ, ఇంట ఎవరు పుట్టిందీ, వేమన పద్యాలు తాను విన్న పాఠంలో ఎలా ఉన్నదీ రాసి ఒక ట్రంకుపెట్టెలో దాచుకున్నారు. ఆయన పోయాక మా నాయనకూ చిన్నాయనకూ భాగాల దగ్గర మాట తేడా వచ్చి, దావా పడి, ఆ మట్టిమిద్దెకు తాళం పడింది. పదకొండేళ్లు ఎవరూ తీయలేదు. పొలాలు సెంటుతో సహా పంచుకున్నారు కానీ పెట్టె మాట ఎవరికీ గుర్తు రాలేదు, అప్పటికి చదువుకుంటున్న నాకూ రాలేదు. మిద్దె బోద కారి, చెదలు పట్టి, తెరిచిన రోజున పెట్టెలో పైన ఎర్రమట్టి, అడుగున ఒకదానికొకటి అతుక్కుపోయిన 23 కాగితాలు మిగిలాయి.

వాటిని విడదీసి ఆరబెట్టి, చదవగలిగినంత మేర శుద్ధప్రతి రాశాను. చిన్నాయన కూడా వచ్చి పక్కన కూర్చుని, నాకు అందని పొడి అక్షరాలను చదివి పెట్టాడు. 22 కాగితాలు మామూలు అక్షరాల్లో రాసిన తరువాత, ఒక ప్రమాది నామ సంవత్సరపు వానల లెక్క ఉన్న చివరి కాగితం దగ్గర ఆగాను. దాని మీద పలుచని ట్రేసింగ్ పేపరు పరిచి, జేజినాయన కలం ఎక్కడ లేచిందో, ఎక్కడ లేవకుండా మూడు మాటల్ని ఒకే గొలుసుగా లాగిందో చూసుకుంటూ, ఆ వంపుల వెంట నా పెన్సిలును నడిపాను. రెండు పూటలు పట్టింది.